జోడెడ్లు చెరో దిక్కు: వరంగల్, 1952

మొన్నటి ఎలక్షన్లకు ముందు మా మండీ బజార్ పక్కన ఒక ఫంక్షన్ హాల్లో జల్సా జరిగింది. ఏ పార్టీదో చెప్పను. చెప్పినా చెప్పకపోయినా మీకు తేడా తెలియదు, ఎందుకంటే అన్ని పార్టీల జల్సాలూ అలాగే ఉంటాయి. స్టేజీ మీద ఎనిమిది కుర్చీలు వేశారు. టికెట్ వచ్చినాయన మధ్యలో కూర్చున్నాడు. టికెట్ రానాయన కుర్చీ ఖాళీగా ఉంది. మైకులో మాట్లాడిన ప్రతి ఒక్కరూ "మా పార్టీలో ఇఖ్తిలాఫ్‌లు లేవు, మేమంతా ఒకటే" అన్నారు. అంత గట్టిగా అంటున్నారంటేనే లోపల ఏదో ఉందని అందరికీ అర్థమైంది. బిర్యానీ మాత్రం బాగుంది.

వాపస్ వస్తుంటే మా చాచా అన్నాడు: "ఇది కొత్త తమాషా కాదు బేటా. మన దగ్గర మొట్టమొదటి వోటు పడ్డప్పుడే ఇది ఉంది. ఎడ్ల పార్టీలో ఎడ్లు చెరో దిక్కు గుంజేవని మా అబ్బా చెప్పేవాడు."

చాచా అన్న ఆ మాట పట్టుకుని తవారీఖ్‌లోకి వెళ్ళాను. ఎలక్షన్ ముందు పార్టీలో ఇత్తెహాద్ నిలబెట్టుకోవడం అనే ముచ్చటకు మన వరంగల్ కంటే మంచి మిసాల్ దొరకదు. ఎందుకంటే 1952లో ఇక్కడ ఎదురెదురుగా నిలబడ్డ రెండు పెద్ద పార్టీలూ లోపల చీలికలతోనే ఎలక్షన్‌కు వచ్చాయి. ఒకటి సర్దుకుంది, ఇంకొకటి సర్దుకోలేకపోయింది. అయినా చివరికి హైదరాబాద్‌లో హుకూమత్ దక్కింది సర్దుకోలేని పార్టీకే. అందుకే ఈ కిస్సా పిల్లల పుస్తకాల్లో కట్టెల మోపు కథలాగా సులువుగా ముగియదు.

మొదట కాంగ్రెస్ సంగతి.

హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ 1938లో పుట్టింది. పుట్టకముందే నిజాం సర్కార్ దాని మీద పాబందీ పెట్టింది. ఆ ఏడాది అక్టోబర్‌లో సత్యాగ్రహం మొదలై, డిసెంబర్‌కల్లా ఆగిపోయింది. పాబందీ తీసేసింది 1946 జులైలో. అంటే ఎనిమిదేళ్ళు ఈ పార్టీకి దఫ్తర్ లేదు, మెంబర్ల రిజిస్టర్ లేదు, బహిరంగ జల్సా లేదు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల వాళ్ళు మూడు పరిషత్తులుగా, మూడు జబాన్లలో పనిచేసుకున్నారు. మన వైపు ఆంధ్ర మహాసభ ఉండేది. అదీ 1944లో భువనగిరి సభ దగ్గర చీలి, కమ్యూనిస్టుల చేతికి పోయింది. పాబందీ తొలగి అందరూ ఒక గొడుగు కిందికి వచ్చేసరికి, ఒకరి తరీఖా ఒకరికి తెలియదు.

సదర్ ఎన్నికలోనే మొదటి గీత పడింది. ఒక వైపు స్వామి రామానంద తీర్థ. సన్యాసి, మరాఠ్వాడాలో బడి నడిపిన టీచర్, జైళ్ళకు అలవాటు పడ్డ మనిషి. ఇంకో వైపు బూర్గుల రామకృష్ణారావు. వకీల్, ఫార్సీ ఆలిం, మాట మెత్తన, బాతాఖానీలో కాకలు తీరినవాడు. తీర్థ గెలిచారు, కానీ అతి కొద్ది వోట్ల తేడాతో. భారీ తేడాతో ఓడినవాడు ఇంటికి పోతాడు. కొద్దిలో ఓడినవాడు మాత్రం ఆ తేడా ఎక్కడ పోయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. బూర్గుల సాబ్ స్వభావం అలాంటిదని నేననడం లేదు, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి చెప్తున్నాను.

ఫరక్ కేవలం కుర్చీది కాదు. తీర్థ చుట్టూ ఉన్న వాళ్ళలో వామపక్షపు గాలి ఎక్కువ. గోవిందభాయ్ ష్రాఫ్ లాంటి వాళ్ళు భూమి ముచ్చట ముందు తేలాలి అనేవారు. మన వైపు నుంచి పీవీ నరసింహారావు తీర్థకు శాగిర్ద్. బూర్గుల వైపు కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి లాంటి వాళ్ళు నిలిచారు. వీళ్ళకు తీర్థ గ్రూపు దూకుడు నచ్చలేదు, కమ్యూనిస్టుల మీద మెత్తగా ఉందన్న శిఖాయత్ కూడా ఉండేది.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. నిజాం హుకూమత్ పోయింది. అప్పటిదాకా రెండు గ్రూపులనూ కలిపి ఉంచింది ఉమ్మడి దుష్మన్. దుష్మన్ పోగానే కలిపి ఉంచే దారం కూడా పోయింది. ఢిల్లీ నుంచి పెద్దలు మళ్ళీ మళ్ళీ మధ్యలో కూర్చోవలసి వచ్చింది. 1950లో వెల్లోడి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నలుగురు కాంగ్రెస్ వాళ్ళను వజీర్లుగా తీసుకున్నారు: బూర్గుల, వి.బి. రాజు, పూల్‌చంద్ గాంధీ, వినాయకరావు విద్యాలంకార్. అంటే ఎలక్షన్‌కు రెండేళ్ళ ముందే ఒక వైపు వాళ్ళకు దఫ్తర్లు, జీపులు, సంతకాలు చేతికొచ్చాయి. ఇంకో వైపు పార్టీ జెండా మిగిలింది. సర్కార్ ఒకరి దగ్గర, సంస్థ ఇంకొకరి దగ్గర ఉంటే ఆ ఇంట్లో చూల్హా సరిగ్గా వెలగదు. ఇది హైదరాబాద్ బీమారీ మాత్రమే కాదు. అదే సమయంలో ఢిల్లీలోనూ ఇదే నడుస్తోంది. 1950లో పురుషోత్తమ్‌దాస్ టండన్ కాంగ్రెస్ సదర్ అయ్యారు. ఓడిన కృపలానీ పార్టీ వదిలి కొత్త పార్టీ పెట్టుకున్నారు. రఫీ అహ్మద్ కిద్వాయ్ కూడా కాంగ్రెస్‌కు ఇస్తీఫా ఇచ్చి, తర్వాత తిరిగొచ్చారు. 1951 సెప్టెంబర్‌లో టండన్ తప్పుకుని నెహ్రూ స్వయంగా సదర్ కుర్చీలో కూర్చున్న తర్వాతనే ఆ గొడవ సద్దుమణిగింది. పోలింగ్ మొదలైంది అక్టోబర్ 25న. అంత అంచు మీద సర్దుకున్నారు.

ఢిల్లీలో నెహ్రూ ఉన్నారు కాబట్టి సర్దుకుంది. హైదరాబాద్‌లో అట్లాంటి మూడో మనిషి లేడు. రెండు గ్రూపుల మాటనూ కాదనగలిగే స్థానిక పెద్ద లేకపోవడమే స్టేట్ కాంగ్రెస్ అసలు కమ్‌జోరీ అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అవతలి గడప.

కమ్యూనిస్టుల లోపల ఇఖ్తిలాఫ్ కాంగ్రెస్ కంటే చిన్నదేమీ కాదు. నిజానికి దానికంటే ఎన్నో రెట్లు గంభీరమైనది. అక్కడ టికెట్ గురించి కాదు, జాన్ గురించి. నిజాం సైన్యం, రజాకార్లు, దేశ్‌ముఖ్‌ల మీద తీసిన తుపాకీని పోలీస్ యాక్షన్ తర్వాత దించాలా, పట్టుకునే ఉండాలా అన్నది సవాల్. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి దించాలన్నారు. యూనియన్ సైన్యాన్ని ఎదిరించి పల్లె జనాన్ని బలి చేయడం తప్పన్నారు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య పోరాటం సాగాలన్నారు. పార్టీ అధినాయకత్వం 1948 నుంచి 1951 మధ్య మూడు చేతులు మారింది: రణదివే, రాజేశ్వరరావు, అజయ్ ఘోష్. ఒక్కొక్కరితో ఒక్కో లైను. రావి నారాయణరెడ్డి తన అభ్యంతరాలను బయటికే చెప్పి, పార్టీలో కొందరి దృష్టిలో దాదాపు గద్దార్ అయ్యారు. చివరికి 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిశారు: అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, బసవపున్నయ్య. గమనించండి, దించాలన్న వాళ్ళూ సాగాలన్న వాళ్ళూ ఒకే డెలిగేషన్‌లో వెళ్ళారు. వచ్చిన ఏడాదే, అక్టోబర్ 21న, సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్టు ఎలాన్ చేశారు.

ఆ తారీఖు మళ్ళీ చూడండి. దేశంలో మొదటి వోటు పడడానికి నాలుగు రోజుల ముందు.

హైదరాబాద్‌లో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పుడింకా పాబందీ ఉంది. అందుకని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, పీడీఎఫ్, పేరుతో దిగారు. సదర్ ఎవరు? సరోజినీ నాయుడు కొడుకు డాక్టర్ జయసూర్య. పేదల ఇళ్ళలోనూ, హైదరాబాద్ షరీఫ్ కుటుంబాల దివాన్‌ఖానాల్లోనూ చెల్లే పేరు. మూడేళ్ళు అడవుల్లో తిరిగినవాళ్ళు, జైళ్ళలో ఉన్నవాళ్ళు, బయట ఉండి వాళ్ళను విమర్శించినవాళ్ళు ఒకే జాబితాలో ఉమ్మీద్వార్లయ్యారు. వాదనలో ఓడిన వర్గాన్ని జాబితా నుంచి కోసేయలేదు. అసలు ఆ వాదనలో ఎవరు ఓడారన్నది కూడా గట్టిగా తేల్చలేదు. పోరాటం విరమించారు కాబట్టి రావి నారాయణరెడ్డి గెలిచినట్టు. పోరాటమే తప్పని పార్టీ ఒప్పుకోలేదు కాబట్టి రాజేశ్వరరావు వైపు వాళ్ళకూ ఇజ్జత్ దక్కింది. ఇద్దరికీ జనం ముందు తల ఎత్తుకుని నిలబడే జాగా మిగిలింది.

నతీజా వరంగల్‌లో ఎట్లా వచ్చింది? అప్పటి వరంగల్ జిల్లాలో ఖమ్మం కూడా కలిసే ఉండేది, అది వేరైంది 1953లో. ఈ జిల్లాలో పెండ్యాల రాఘవరావు ఒక్క మనిషే వరంగల్ లోక్‌సభ, హన్మకొండ అసెంబ్లీ, వర్ధన్నపేట అసెంబ్లీ, మూడు చోట్లా గెలిచారు. సాయుధ పోరాటంలోంచి నేరుగా బ్యాలెట్ డబ్బాలోకి వచ్చిన మనిషి. లోక్‌సభకు ఆయన ఎదుట నిలబడి కొద్ది వేల తేడాతో ఓడింది ఎవరో తెలుసా? మన కాళోజీ. ఉర్దూ షాయర్ రామేశ్వరరావు తమ్ముడు, ఉర్దూ తెలుగంత ధారాళంగా మాట్లాడే కాళోజీ నారాయణరావు. నిజాం కాలంలో జైలుకు పోయిన మనిషి, ఊరంతటికీ చుట్టం. అట్లాంటి ఉమ్మీద్వార్ ఉండి కూడా ఆ కొద్ది వేలు దాటలేకపోయారు. ఖమ్మంలో టి.బి. విఠల్‌రావు, కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి, మెదక్‌లో జయసూర్య. బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిన యువకుడు పీవీ నరసింహారావు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి దేశంలో అందరికంటే ఎక్కువ వోట్లు, నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ. (అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కొక్కరికీ రెండు వోట్లుండేవి. ఆ సంగతి చెప్పకుండా ఈ రికార్డు చెప్పడం ఇన్సాఫ్ కాదు. అయినా పెద్ద గెలుపే.) లోక్‌సభకు పీడీఎఫ్ నుంచి మొత్తం ఏడుగురు వెళ్ళారు.

ఇదంతా ఇత్తెహాద్ బర్కత్ అంటే నేను ఒప్పుకోను. భూమి అసలు కారణం. విస్నూర్ దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి పోరాడి 1940లో కామారెడ్డిగూడెంలో కత్తికి బలైన షేక్ బందగీ మన ముసల్మానే, పేద రైతు. ఆయన మజార్ దగ్గర ఇప్పటికీ హిందూ ముస్లిం తేడా లేకుండా జనం చేరతారు. అట్లాంటి గాయాలున్న పల్లెలు ఎడ్ల డబ్బాలో కాగితం వేస్తాయా? కాంగ్రెస్ ఒక్కటిగా నిలబడి ఉన్నా నల్గొండ, వరంగల్ పల్లెల్లో గెలిచేదని గట్టిగా చెప్పలేం. కానీ కొద్ది వేల తేడాతో పోయిన సీట్లున్నాయి చూడండి, అక్కడ మాత్రం గ్రూపుల ముచ్చట తప్పక లెక్కకొస్తుంది. మనసు లేని కార్యకర్త ఇల్లిల్లూ తిరగడు. తిరిగినా చాయ్ తాగి వస్తాడు.

అప్పుడు వోటు వేసే తరీఖా కూడా వేరు. ఒక్కొక్క ఉమ్మీద్వార్‌కు ఒక్కొక్క డబ్బా, దాని మీద గుర్తు. వోటరు లోపలికి పోయి తనకు నచ్చిన డబ్బాలో కాగితం వేసి రావాలి. కాంగ్రెస్‌ది కాడికి కట్టిన జోడెడ్లు. చాచా వాళ్ళ అబ్బా ఎగతాళి అక్కడి నుంచే వచ్చింది.

ఇక మన ముసల్మానుల సంగతి. దీని గురించి తక్కువ రాస్తారు కాబట్టి కాస్త నిలబడి చెప్పుకుందాం.

1952లో మన ఇళ్ళల్లో వోటు అంటే పండుగ కాదు, ఖౌఫ్. నాలుగేళ్ళ కింద ఏం జరిగిందో అందరి కళ్ళలో ఉంది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఊరూరా తిరిగి ఇచ్చిన రిపోర్టు, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని చెప్పింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటకు రాలేదు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు జరిగింది, మన వరంగల్ వైపు అంత కాదు. కానీ భయానికి జిల్లా సరిహద్దులు ఉండవు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. నవాబులకు ముఆవజా దొరికింది. జాగీర్‌లో పనిచేసిన మున్షీకి, జవాన్‌కు, బావర్చీకి ఏం దొరకలేదు. ఉర్దూలో చదివి నౌకరీ చేసిన తరం ఒక్కసారిగా అన్‌పఢ్ అయినట్టు అయింది.

అట్లాంటి ఖౌమ్‌కు పార్టీల లోపలి ఇత్తెహాద్ అనేది అఖ్బారు ముచ్చట కాదు. రెండు గ్రూపులున్న పార్టీలో కమ్‌జోర్ మనిషి ఏ దర్వాజా తట్టాలి? తీర్థ మనిషి దగ్గరికి పోతే బూర్గుల మనిషి మొహం తిప్పుకుంటాడు. వకీల్ సాబ్ దగ్గరికి పోతే స్వామీజీ వాళ్ళు "సరే, అక్కడే చూసుకోండి" అంటారు. పార్టీ లోపల కొట్లాట వచ్చినప్పుడు బలమున్నవాడికి బేరం పెరుగుతుంది, బలం లేనివాడికి ఆసరా పోతుంది. ఇది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పెద్ద పార్టీల్లో గ్రూపులుంటే మనకు మంచిది, ఇద్దరూ మన వోటు అడుగుతారని కొందరు అంటుంటారు. అడుగుతారు, అది నిజమే. ఇచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు.

కాంగ్రెస్‌తో మనకు సంబంధం లేదని కూడా అనలేం. ఇమ్రోజ్ అఖ్బారు ఎడిటర్ షోయబుల్లా ఖాన్ మహబూబాబాద్ దగ్గర పుట్టిన మనిషి, అంటే అప్పటి వరంగల్ జిల్లా బిడ్డ. ఆ అఖ్బారు పెట్టడానికి బూర్గుల, ఆయన దోస్తులు అండగా నిలిచారు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని చంపేశారు. అంటే స్టేట్ కాంగ్రెస్ ఖాతాలో మన ఖూన్ కూడా ఉంది. అటు పీడీఎఫ్ వైపు మఖ్దూం మొహియుద్దీన్. హైదరాబాద్‌లో శాలిబండ నుంచి నిలబడి ఓడిపోయారు. అప్పుడు జరిగిన పని చూడండి. జయసూర్య మెదక్ లోక్‌సభ, హుజూర్‌నగర్ అసెంబ్లీ రెండూ గెలిచారు. హుజూర్‌నగర్ ఖాళీ అయింది. అక్కడికి మఖ్దూంను పంపి ఉపఎన్నికలో గెలిపించుకున్నారు. నల్గొండ జిల్లా తెలుగు రైతులు ఒక ఉర్దూ షాయర్‌ను అసెంబ్లీకి పంపారు. పార్టీ ఒక్క మాట మీద ఉంటే మైనారిటీ మనిషికి పాత బస్తీ బయట కూడా సీటు దొరుకుతుందని మన దగ్గర కనిపించిన మొదటి మిసాల్ ఇదే అనుకుంటాను.

సరే, మొత్తం లెక్క ఏమైంది? 175 సీట్ల హైదరాబాద్ అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42, సోషలిస్టులకు 11. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు లేకుంటే ఆ 93 లేదు. 1952 మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. స్వామీజీ గుల్బర్గా నుంచి గెలిచి లోక్‌సభకు పోయారు. గెలిచారు కదా, ఇక గ్రూపులెందుకు అనుకుంటాం. కానీ గద్దెనెక్కిన ఆరు నెలలకే వరంగల్ నుంచి నిప్పు లేచింది. బయటి ప్రాంతాల నుంచి టీచర్లను తెచ్చి వేశారని ఇక్కడి విద్యార్థులు రోడ్డెక్కారు. గైర్ ముల్కీ గో బ్యాక్ అన్న నారా హైదరాబాద్ దాకా పాకింది. సెప్టెంబర్ మొదటి వారంలో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, మరణాలు, జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ. ఆ తర్వాత కూడా విశాలాంధ్రా, తెలంగాణా అన్న ప్రశ్న మీద కాంగ్రెస్ పెద్దలు ఒక్క మాట మీద నిలవలేదు. ఎలక్షన్ గెలవడం వల్ల లోపలి ఫసాద్ మానదు. కొన్నిసార్లు దాచడం సులువవుతుంది, అంతే.

1955లో పొరుగున ఆంధ్ర రాష్ట్రంలో మాత్రం కాంగ్రెస్ వేరే పాఠం చదువుకుంది. కమ్యూనిస్టులు గెలుస్తారన్న భయంతో కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటై ఒక్కో సీటుకు ఒక్కొక్క ఉమ్మీద్వార్‌నే నిలబెట్టాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 వోట్లు పడ్డాయి. సీట్లు 196లో 15. అటువైపు ఫ్రంట్‌కు 146. అవతలి వాళ్ళ వోట్లు తగ్గించకుండానే తమ వోట్లు చీలకుండా చూసుకుని గెలిచారు. 1957 వచ్చేసరికి వరంగల్ లోక్‌సభ సీటు కూడా కాంగ్రెస్ చేతికొచ్చింది, గెలిచింది సాదత్ అలీ ఖాన్. పెండ్యాల రాఘవరావు గెలిచిన ఐదేళ్ళకే అదే వరంగల్ ఒక ముసల్మాన్‌ను ఢిల్లీకి పంపింది.

ఇక కమ్యూనిస్టులు 1951లో దాచిపెట్టిన లెక్క సూద్‌తో సహా ఎప్పుడు బయటపడింది? 1964లో. కారణాలు చాలా: చైనా, సోవియట్, కాంగ్రెస్‌తో ఎట్లా ఉండాలన్నది. కానీ కింద పొరలో పాత గాయం కూడా ఉంది. ఆ ఏడాది జులైలో తెనాలి సభ, ఆ తర్వాత కలకత్తా మహాసభ, రెండు పార్టీలు. అప్పుడు జరిగిన ఒక తమాషా నాకు ఎప్పుడూ అజీబ్‌గానే ఉంటుంది. 1950లో తుపాకీ దించాలన్న రావి నారాయణరెడ్డి, దించొద్దన్న చండ్ర రాజేశ్వరరావు ఇద్దరూ సీపీఐలో మిగిలారు. రాజేశ్వరరావుతో కలిసి దించొద్దన్న బసవపున్నయ్య సీపీఎంలోకి పోయారు. మఖ్దూం సీపీఐలో ఉన్నారు. అంటే ఎవరు ఎవరితో ఉంటారన్నది పాత వాదనను బట్టి తేలలేదు. మనుషుల మధ్య ఎతెబార్ ఎక్కడ మిగిలిందో దాన్ని బట్టి తేలింది.

1962లో ఉమ్మడి పార్టీకి ఆంధ్రప్రదేశ్‌లో 51 సీట్లు, నూటికి 19 పైన వోట్లు. 1967లో సీపీఐకి 11, సీపీఎంకు 9. వోట్లు చూస్తే ఇద్దరికీ దాదాపు సమానం, చెరో ఏడున్నర శాతానికి కాస్త అటూ ఇటూ. రెండూ కలిపితే పదిహేను. అంటే పోయిన వోట్లు నాలుగు శాతం, పోయిన సీట్లు 31. వరంగల్ పల్లెల్లో ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు వేర్వేరు ఎర్రజెండాలు పట్టుకుని వేర్వేరు దారుల్లో ఊరేగింపులు తీశారు. ఆ తర్వాత కూడా చీలికలు ఆగలేదు. నర్సంపేట నుంచి 1972 మొదలు వరుసగా ఐదుసార్లు గెలిచిన మద్దికాయల ఓంకార్‌ను సీపీఎం బయటికి పంపింది. ఆయన వేరు కుంపటి పెట్టుకుని కూడా అక్కడే గెలిచారు. అంటే అక్కడి జనం పార్టీని కాదు, మనిషిని చూశారు. పార్టీ మాత్రం ఆ సీటును పోగొట్టుకుంది.

మన దగ్గరికే వస్తే, 1993లో మజ్లిస్ చీలింది. అమానుల్లా ఖాన్ మజ్లిస్ బచావో తహ్రీక్ పెట్టారు. 1989లో 4 సీట్లున్న మజ్లిస్‌కు 1994లో ఒక్కటే మిగిలింది, చార్మినార్. తహ్రీక్‌కు రెండు, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా. ఆ రోజుల్లో పాత బస్తీ రిష్తేదార్ల ఇళ్ళకు పోతే దస్తర్‌ఖాన్ దగ్గర రెండు పార్టీలుండేవి, షాదీలకు పిలవడం కూడా మానుకున్న ఇళ్ళు నాకు తెలుసు. యాకుత్‌పురా నుంచి తహ్రీక్ మీద గెలిచిన ముంతాజ్ అహ్మద్ ఖాన్ తర్వాత మజ్లిస్‌కు తిరిగొచ్చి అదే సీటు మళ్ళీ మళ్ళీ గెలిచారు. 1999లో మజ్లిస్‌కు మళ్ళీ 4. వెళ్ళినవాడు తిరిగి రావడానికి ఒక దర్వాజా తెరిచి ఉంచడం అనే పని అక్కడ జరిగింది. ఇరువైపులా అన్న మాటలు తక్కువేమీ కావు, కానీ రాకుండా ఆపేంత పెద్దవి కాలేదు.

చీలితే ఎప్పుడూ ఓడతారని కూడా కాదు లెండి. 1978 జనవరిలో ఇందిరాగాంధీ కాంగ్రెస్‌ను చీల్చారు. ఇక్కడ ముఖ్యమంత్రి వెంగళరావు, సర్కార్, దఫ్తర్లు అన్నీ బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్ వైపే. రెండు నెలలు తిరక్కముందే జరిగిన ఎలక్షన్‌లో ఇందిరా కాంగ్రెస్‌కు 294లో 175, అధికారంలో ఉన్న కాంగ్రెస్‌కు 30. అప్పుడు జనం రెండింటిలో అసలుది ఏదో తేల్చుకున్నారు, తేల్చుకునేంత స్పష్టంగా ఒక మనిషి ఎదుట ఉంది. 1967లో కమ్యూనిస్టు వోటరుకు అది తేలలేదు. 1952లో కాంగ్రెస్ కార్యకర్తకూ తేలలేదు.

ఈ ముచ్చట్లన్నీ చాచాకు చదివి వినిపించాను. అంకెల దగ్గర నిద్రపోయాడు, పెండ్యాల, కాళోజీ పేర్ల దగ్గర లేచి కూర్చున్నాడు. "మరి మా అమ్మీ ఎవరికి వేసిందో రాశావా?" అని అడిగాడు. బుర్ఖాలో, పక్కింటి సాలోళ్ళ ఆడవాళ్ళతో కలిసి నడిచి పోయి జిందగీలో మొదటి వోటు వేసి వచ్చిందట దాదీ. దాదా కాంగ్రెస్‌లో బూర్గుల గ్రూపు మనిషి, దాదా తమ్ముడు తీర్థ గ్రూపు. ఇంట్లో ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. ఏ డబ్బాలో వేశావని ఇద్దరూ అడిగారట. "లోపల చీకటిగా ఉండె, ఎడ్లు కనిపించలే" అని చెప్పి వంటింట్లోకి పోయిందట.